బొమ్మలో లేని చొక్కా

కిందటి వేసవిలో హైదరాబాదు నుంచి ఒక కుర్ర చిత్రకారుడు ఆగిరిపల్లి దగ్గరున్న మా మామిడితోటకు వచ్చి వారం రోజులున్నాడు. రైతుల సంఘం కొత్త హాలుకు మామిడి కోత బొమ్మ వేయడం అతని పని. వెంట ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నాడు. ఐరోపా ఉత్తరపు కొసన రెయిన్‌డీర్ దుప్పులను మేపుకునే సామీ జనాన్ని పొరుగు జాతుల చిత్రకారులు వేసిన బొమ్మలున్నాయి అందులో. అలవాటు కొద్దీ ఒక్కో బొమ్మలో ఏముందో డైరీలో రాసుకున్నాను: మంచు, రెయిన్‌డీర్, ఎటో దూరంగా చూసే ముసలాయన. మళ్ళీ మంచు, రెయిన్‌డీర్.

మా తోటలో కాయ కోసే ముఠాకు పెద్ద ఒక ఆడమనిషి. అన్నాలప్పుడు ఆ పుస్తకం తిరగేసింది.

“ఏంటండీ అయ్యగారూ, వీళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోరా? అందరూ అలా నిలబడిపోతే పనెవరు చేస్తారు?”

ముఠా అంతా నవ్వింది. చిత్రకారుడూ నవ్వి, తాను వేసిన బొమ్మ మీది గుడ్డ తీశాడు. ఎర్రంచు చీర, జడలో పూలు, చెంపకు ఆనించుకున్న పచ్చి మామిడికాయ. మొహం ఆవిడదే. నాకు బాగా నచ్చింది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. “నా చొక్కా ఏది బాబూ?”

కాయ ముచ్చిక విరిగితే చిమ్మే సొన ఒంటిని కాలుస్తుంది. అందుకే మా వైపు ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కోనిదే కోతకు దిగరు. ముప్పై ఏళ్ళ నా డైరీల్లో ప్రతి కోతా ఉంది, ఆ చొక్కా గురించి ఒక్క ముక్క లేదు.

“సొన కాయ చెంపకి పెట్టుకున్నదాన్ని చూసి ఏ రైతు నా ముఠాని పిలుస్తాడండీ? పని రానిదనుకోరూ?”

“చొక్కా అందంగా ఉండదేమోనని...” అతను నసిగాడు.

“అయితే రేపు మాతో కొయ్యి. అందం తెలుస్తుంది.”

మర్నాడు కోశాడు. మూడో కాయకే ముచ్చిక ఊడి సొన అతని చెంప మీద చిమ్మింది. “సరిగ్గా బొమ్మలో నాకు కాయ పెట్టిన చోటే!” అని ఆవిడ చప్పట్లు కొట్టింది. తనే నీళ్ళు తెచ్చి కడిగింది.

ఆ సాయంత్రం అతను కొత్త బొమ్మ మొదలుపెట్టాడు. ఆవిడ పక్కనే కూర్చుని తలగుడ్డ ముడి, వల సంచీ కట్టిన చిక్కం కర్ర మీద చేతి పట్టు, వెలిసిన చొక్కా, అన్నీ దిద్దించింది.

“నోరు తెరిచి వెయ్యి బాబూ. నేను అరవకపోతే మావాళ్ళలో ఒక్కళ్ళూ కదలరు.”

“మాకు చెవులు మూసి వెయ్యండి!” అన్నారు వెనక నుంచి ముఠావాళ్ళు.

హాలు తెరిచిన రోజున ముసునూరు రైతు ఒకాయన బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“ఎవరిదండీ ఈ ముఠా? పని తెలిసినవాళ్ళలా ఉన్నారు.”

నేను జవాబు చెప్పేలోగా గుమ్మం దగ్గర నుంచి ఆవిడ కేకేసింది: “నాదేనండీ! వచ్చే సోమవారం దాకా ఖాళీ లేదు!”