వీలైతే గారి పదకొండు ఇఫ్‌లు

ఆ కంటి ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ‘సార్’, వెనకాల ‘వీలైతే’. ఏ పని చెప్పినా “వీలైతే చూద్దామండీ” అనేవాడు. అది ఒప్పుకోలో తిరస్కారమో మూడు వారాలు తిరిగితేగాని తెలిసేది కాదు. ఆపరేషన్ తేదీలిచ్చే వెబ్ పేజీకి పద్నాలుగేళ్లుగా కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే.

ఆయన కోడ్ కూడా ఆయనలాగే ఉండేది. కంప్యూటర్‌కి షరతు పెట్టాలంటే ఇఫ్ అని రాస్తారు. ఇలా ఉంటే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అని. కాదనవలసినవాణ్ని తెలివైనవాడు గుమ్మంలోనే కాదంటాడు. మనవాడు అందర్నీ లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, పదకొండో గదిలో కాదనేవాడు. ఇఫ్ కడుపులో ఇఫ్, దాని కడుపులో ఇంకో ఇఫ్. మెట్లు మెట్లుగా జరిగి జరిగి కోడ్ తెర కుడి అంచు దాటిపోయింది. ఏ అధికారి మినహాయింపు అడిగినా కొత్త ఇఫ్ చేర్చడమే తప్ప పాతది తీసిన పాపాన పోలేదు. అధికారులు రిటైరయ్యారు. వాళ్ల ఇఫ్‌లు మాత్రం జీతం లేకుండా డ్యూటీ చేస్తూనే ఉన్నాయి. ఆ కోడ్ ఫైలు ఆయన తప్ప ఎవరూ చదవలేరు కాబట్టి అది గొప్పదే అయి ఉంటుందని ఆఫీసంతా నమ్మింది. దానికే అనుభవమని పేరు పెట్టి ఓసారి చప్పట్లు కూడా కొట్టింది.

ఆయనకో అక్క ఉంది. తమ్ముడింట్లోనే ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురి బట్టలూ కుడుతుంది. కుడికంట్లో శుక్లం ముదిరి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. పోయిన వారం ఎవరిదో చొక్కాకి చేతులు తిరగేసి కుట్టింది. ఆపరేషన్ తేదీల కోసం పేజీని మూణ్ణెల్లకోసారి, ఐదు రోజులే తెరుస్తారు. నాలుగు రోజులు “వీలైతే ఇవాళ పెడతానక్కా” అని తమ్ముడు గడిపేశాడు. ఐదో రోజు సాయంత్రం ఐదింటికి పేజీ మూసేస్తారనగా, ఉదయం పదకొండింటికి అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, నీ పేజీ నన్ను పొమ్మంటోంది.”

“ఏమని వచ్చిందక్కా?”

“క్షమించండి, మీరు అర్హులు కారట. పక్కింటావిడ చదివింది. క్షమించడం తర్వాత సంగతి, ముందు నేను చేసిన తప్పేంటో చెప్పు.”

“ఏమైనా తేడాగా నింపారేమో.”

“నీ ఫోన్ నంబరు నాకు తెలీదా? తోడు వచ్చేవాళ్ల దగ్గర నీదే ఇచ్చాం. సూది కనబడక నేను చస్తుంటే తేడాట, తేడా!”

ఆయన ఫైలు తెరిచాడు. ‘మీరు అర్హులు కారు’ అన్న వాక్యం తొమ్మిది చోట్ల ఉంది. అక్కని వెళ్లగొట్టింది వాటిలో ఏదో తెలియలేదు. తెరకి స్కేలు ఆనించి, ఏ ఇఫ్‌ని ఏ బ్రాకెట్ మూస్తోందో వేలితో లెక్కపెట్టాడు. రెండింటికి విసిగిపోయి, తనకి చేతనైన పనే చేశాడు. పన్నెండో ఇఫ్ పెట్టాడు: దరఖాస్తు అక్కదైతే తేదీ ఇచ్చెయ్యి. ఆ తొందరలో దాని బ్రాకెట్ తప్పుచోట పడింది.

పది నిమిషాల్లో కౌంటర్ గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. “సార్, ఇప్పుడు ఎవ్వరూ అర్హులు కారంట! బయట జనం కౌంటర్ పీకి పందిరేసేలా ఉన్నారు!”

పక్క టేబుల్ దగ్గర, రెండు నెలల కిందట చేరిన ప్రోగ్రామర్ ఉంది. ఎనిమిదేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగానికొచ్చిన మనిషి. ఇన్నాళ్లూ ఆ ఫైలు మీద ఆమె నీడ పడనివ్వలేదు ఆయన.

“అమ్మా, మీకు వీలైతే...”

“వీలైతే కాదు సార్. లేవండి.”

లేచాడు. ఆమె ముందు పన్నెండోదాన్ని పీకేసింది. కౌంటర్ దగ్గర గోల తగ్గింది.

“ఇప్పుడు చెప్పండి. తేదీ ఎవరికి ఇవ్వకూడదు?”

“అది పరిస్థితిని బట్టి...”

“పరిస్థితి నాకొద్దు. కారణాలు చెప్పండి.”

పిండగా పిండగా నాలుగే తేలాయి. డాక్టర్ చీటీ లేనివాళ్లు, షుగర్ పరీక్ష చేయించుకోనివాళ్లు, ఇప్పటికే తేదీ ఉన్నవాళ్లు, ఖాళీలు అయిపోయాక వచ్చినవాళ్లు. ఆ నాలుగింటినీ ఫైలు మొదట్లోనే వరసగా రాసింది. ఎందుకు కాదంటున్నామో ఒక్కోదానికీ ఒక్కో మాట పెట్టింది. నాలుగూ దాటినవాడికి ఐదోచోట తేదీ. అంతే.

“మరి ఈ ఏడో ఇఫ్ ఏంటి సార్? తోడు వచ్చేవాళ్లది స్టాఫ్ నంబరైతే పొమ్మంటోంది.”

“తొమ్మిదేళ్ల కిందటి సూపరింటెండెంటు పెట్టించారు. స్టాఫ్ బంధువులకి తేదీలు వద్దన్నారు.”

“ఎనిమిదోది?”

“ఆయన నంబరైతే ఫర్వాలేదని. వాళ్లమ్మగారి కోసం.”

“ఆ రూల్ ఇంకా ఉందా?”

“ఆయన వెళ్లిన నెలకే సర్క్యులర్ వేసి తీసేశారు.”

“వాళ్లు తీసేశారు. మీరు ఇక్కడ సింహాసనమేసి కూర్చోబెట్టారు.”

మూడు వందల నలభై లైన్లు పందొమ్మిదయ్యాయి. ఆయన ముఖం, ఇల్లు కూలగొట్టినవాళ్లని చూస్తున్నట్టుంది. నాలుగూ ఇరవైకి, చాటుగా ఏమీ పెట్టకుండానే, అక్కకి వచ్చే నెల పన్నెండో తారీఖు దొరికింది. ఆ తారీఖు జాబితాలో చివరి పేరు ఆమెదే.

మూడు వారాల తర్వాత ఇప్పటి సూపరింటెండెంటు నవ్వుతూ వచ్చాడు.

“ఏమయ్యా, మా బావమరిదికి పన్నెండో తారీఖు కావాలి. నీకు తెలియని విద్యా? చిన్న ఇఫ్ ఒకటి తగిలించు. చివర్న ఉన్నవాళ్లెవరో వెనక్కి జరుగుతారు, కొంపేం మునగదు.”

వీలైతే గారు నోరు తెరిచాడు. అలవాటైన మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా.

“కుదరదండీ” అన్నాడు.

సూపరింటెండెంటు మిగతా వాక్యం కోసం ఆగాడు. మిగతా వాక్యం లేదు. సూపరింటెండెంటు నవ్వు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

దీన్ని ధైర్యమని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. వెనక్కి జరగవలసింది ఇంకొకరి అక్క అయ్యుంటే ఆ సాయంత్రానికే కోడ్‌లో ఇంకో ఇఫ్ గది లేచేది. ఆ సంగతి పక్క టేబుల్ ఆవిడకీ తెలుసు. అందుకే అభినందించలేదు. పని చేసుకుంది.

ఇంతలో ఫోన్ మోగింది.

“ఒరేయ్, పన్నెండు దగ్గరకొచ్చింది. ఆపరేషన్ ముందు వేసుకోవాల్సిన చుక్కల మందు వచ్చేటప్పుడు పట్రా.”

“వీలై...”

“ఏంటీ?”

“తెస్తున్నా అక్కా.”