బావ స్లైడుకు రంగు పట్టలేదు

నిన్న పొద్దున ల్యాబ్‌లో ఉండగా అక్క ఫోన్ చేసింది. "బావ పోయిండురా."

"ఏ బావ?" అన్నాను.

నాకున్నది ఒక్కడే బావ. అయినా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

గోదావరిఖనికి ఎట్లా వచ్చి పడ్డానో గుర్తు లేదు. అక్కవాళ్ల క్వార్టర్ ముందు టెంట్ వేసి ఉంది. ఫస్ట్ షిఫ్ట్ దిగినవాళ్లు ఇంటికి కూడా పోకుండా వచ్చి నిలబడ్డారు.

మా రాజేశం బావ బతుకంతా బొగ్గు గనిలో, అండర్‌గ్రౌండ్‌లోనే పని చేశాడు. నేను హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలకు రంగులేసి స్లైడ్లు తయారు చేస్తాను. అది తెలిసినప్పటి నుంచి "మా బామ్మర్ది పట్నంల పెయింటర్" అని కాలనీ అంతా చెప్పుకొచ్చాడు. ఒకాయన నిజంగానే ఇంటికి రంగులెయ్యమని నాకు ఫోన్ చేశాడు. బావ ఆయన పక్కనే ఉండి ఒకటే నవ్వు.

ఈ ఎండాకాలంలో బావకు కడుపునొప్పి మొదలైంది. హైదరాబాద్‌లో ఎండోస్కోపీ చేసి ముక్క తీశారు.

అది మా ల్యాబ్‌కే వచ్చింది.

ముక్క తీసిన రోజే బావ నన్ను పక్కకు పిలిచాడు. "గనిల రూఫ్ కొట్టి సూస్తం. డొల్ల మోగిందనుకో, కూలుతదని అక్కడికక్కడే ఒర్రుతం. ఆఫీసర్ వచ్చేదాక ఆగం. నువ్వు గూడ గట్లనే చెయ్యాలె. ఏదున్నా ముందుగాల నాకు చెప్పు."

"చెప్తా బావా" అన్నాను.

మాటిచ్చాను!

క్యాన్సర్ కావచ్చని మొదటి స్లైడులోనే డాక్టర్‌కు అనుమానం వచ్చింది. ఖాయం చేసుకోవడానికి మార్కర్ టెస్టులు రాశారు. అందులో ఒకటి ఇ-క్యాడ్‌హెరిన్. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేది ఆ ప్రోటీన్‌తోనే. అది ఉన్నచోట స్లైడ్ మీద గోధుమరంగు వస్తుంది. అది పోతే కణాలు పట్టు వదిలేస్తాయి, విడివిడిగా లోపలికి చొచ్చుకుపోతాయి.

బావ స్లైడుకు రంగు పట్టలేదు.

నేనే ఏదో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. నా పని తప్పు కావాలని దేవుడికి మొక్కడం జీవితంలో అదే మొదటిసారి.

రెండోసారీ అంతే. పక్కనే ఉన్న మంచి కణాలకు మాత్రం చక్కగా పట్టింది. అంటే రంగులో లోపం లేదు, నా చేతిలోనూ లేదు.

అది మంగళవారం.

రిపోర్ట్ మీద సంతకం డాక్టర్‌ది కదా, నేనెవణ్ణి చెప్పడానికి అని సాకు వెతుక్కున్నాను. బావ రోజూ ఫోన్ చేశాడు. రోజూ "ఇంకా రాలేదు బావా" అన్నాను. ఆదివారం ఎవరో ముక్కూ మొహం తెలియని డాక్టర్, నలుగురు పేషెంట్ల ముందు, బావను నిలబెట్టి చెప్పేశాడు. కడుపు లోపలి పొరంతా పాకిందని స్కాన్‌లో తేలిందట.

బావ నన్ను ఒక్కటే అడిగాడు. "నువ్వెప్పుడు సూసినవ్?"

"మంగళవారం."

"అన్ని రోజులు ఒక్కనివే మోసినవారా?"

తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది.

ఆ తర్వాత బావ ఎన్నాళ్లో బతకలేదు. ఇవాళ పొద్దున్నుంచి అక్క తల బాదుకుంటోంది. "నా కారం కూరలే సంపినయిరా. గోళీలేసి ఊకున్న గని జల్ది దవాఖానకు తోలుకపోలే. నేనే సంపుకున్న."

"ఊకో అక్కా" అన్నాను. అంతే అన్నాను. మళ్లీ నోరు మూసుకున్నాను.

అక్క తప్పేమీ లేదు. ఆ జబ్బు తీరే అది. నొప్పి బయటపడేసరికే ఆ కణాలు పట్టు వదిలేసి ఉన్నాయి. ఆ సంగతి ఈ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అక్కా, నువ్వు ఇది ఫోన్‌లో చదవొద్దు. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు. ఇది పోస్ట్ చేసి వస్తున్నా. నీ ఎదురుగా కూర్చుని అంతా చెప్తా. తిడితే తిట్టు.

బావా, పోయిరా. ఇక నీకు ఏ నొప్పీ ఉండొద్దు. హాయిగా పడుకో.