పొడుగు గంట

ఈ రోజు ప్రొద్దుటూరులో మా వీధి బడిలో పొడుగు గంట కొట్టారు. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో పిల్లలకు నేర్పిస్తున్నారట. చేతులు పట్టుకొని జంటలుగా బయటికి వస్తున్న పిల్లల్ని చూస్తూ, కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను.

జమ్మలమడుగులో నాతో చదివినవాళ్లకు ఆ గంట గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్షన్ గొడవల్లో వీధుల్లో బాంబులు పేలే రోజులవి. గంట వినగానే ఐదో తరగతి వాళ్లం తలా ఒక ఒకటో తరగతి బిడ్డ చెయ్యి పట్టుకొని వెనకున్న వేరుశనక్కాయల గోడౌన్‌లోకి పరుగెత్తాలి. ఇంటి మనిషి వచ్చేదాకా చెయ్యి వదలకూడదు. హెడ్మాస్టరు పెట్టిన నియమం అది. ఆ కాయల దుమ్ముకు మనమంతా దగ్గేవాళ్లం, గుర్తుందా?

నాకు అప్పగించిన పిల్ల సరోజ. ఒకరోజు నిజంగానే గంట మోగింది. సాయంత్రం వాళ్ల నాయన వచ్చాడు. ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు.

"నేను దాని నాయన్నప్పా, ఇడ్సిపెట్టు" అన్నాడు.

"మా సారు చెప్తేనే ఇడ్సేది" అన్నాను.

సరోజ ఏడుపు మొదలుపెట్టింది. "మా నాయనే ల్యా! నువ్వు పట్టుకుంటే చెయ్యి నొస్తాంది."

పెద్దయ్యాక సరోజనే పెళ్లి చేసుకున్నాను. పెళ్లిపందిట్లో మామ అందరికీ చెప్పి నవ్వాడు: "ఆ పొద్దే ఇడ్సమంటి. ఇన్న్యాడా?"

పోయిన వేసవిలో సరోజ చనిపోయింది. ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకుపోతూ, తలుపు దగ్గర నన్ను చెయ్యి వదలమన్నారు. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పగానే వదిలేశాను.