డేరాలో తీగ ఫోను

నా చిన్నప్పుడు, అంటే సెల్‌ఫోన్లు ఇంకా మా కెంచార్లహళ్ళి దాకా రాని రోజుల్లో, నన్ను మించిన తెలివైనది లేదని నా నమ్మకం. ఆ పొగరు దించినవాడు ఒక సైనికుడు.

మా చిన్నాయన సైన్యంలో ఉండేవాడు. రెండు నెలలుగా ఆయన దగ్గర నుంచి ఉత్తరం లేదు. మా అవ్వకు ముద్ద దిగేది కాదు. ఆ ఏడు చింతామణిలో దసరా ఉత్సవానికి సైన్యం వాళ్ళు డేరా వేశారనీ, చేరదలచిన కుర్రాళ్ళ ఎత్తూ ఛాతీ కొలుస్తూ, తమ సామాన్లు జనానికి చూపిస్తున్నారనీ తెలిసి, అవ్వ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

డేరాలో ఆ మూలొకటి, ఈ మూలొకటి, తీగతో కలిపిన రెండు ఫోన్లు ఉన్నాయి. యుద్ధంలో ఎలా మాట్లాడుకుంటారో పిల్లలకు చూపించడానికి పెట్టినవి. సైన్యం ఫోను కదా, కొడుకు దగ్గరికి పోతుందనుకుని అవ్వ ఒకటి అందుకుంది. నేను అవతలి మూలకు పరుగెత్తి, అక్కడి సైనికుడి చెవిలో, "అన్నా, మా చిన్నాయన మాదిరి మాట్లాడు. బాగుండానమ్మా అను, చాలు" అన్నాను.

"నాయనా, యాడుండావురా?" అని అడిగింది అవ్వ.

ఆయన నా వైపోసారి చూసి, ఫోనులో మెల్లగా అన్నాడు. "అమ్మా, నేను నీ కొడుకును కాదు. ఈ డేరాలోనే అవతల మూల నుంచి మాట్లాడతాండాను."

అవ్వ ముఖం వాడిపోయింది. నాకు ఆయన్ని కొరికెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఆయన మాత్రం వచ్చి అవ్వ ముందు నేలమీద కూర్చున్నాడు. వరుసలో కుర్రాళ్ళు ఎదురుచూస్తున్నా లేవలేదు. అవ్వ బొడ్లో దోపుకున్న పాత ఉత్తరం చూసి చిన్నాయన చిరునామా, మా ఇంటి చిరునామా రాసుకున్నాడు. కనుక్కుని జాబు రాస్తానన్నాడు. ఆయనదీ మా వైపు ఊరే, గూళూరట.

తర్వాత నాతో, "మీ చిన్నాయన ఎట్లుండాడో నాకు తెలీదు కదా పాపా. తెలీకుండా బాగుండాడని ఎట్ల చెప్పేది?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తిరుగు బస్సులో అవ్వ, చాలా రోజుల తర్వాత, ఆకలిగా ఉందంది. బొరుగులు కొనుక్కుని తిన్నాం.

పదిహేను రోజులకు ఆయన కార్డు వచ్చింది. చిన్నాయన క్షేమమనీ, చోటు మారడంతో ఉత్తరాలు ఆగిపోయాయనీ రాశాడు. అవ్వకు చదివి వినిపించింది నేనే. సగంలో ఏడుపొచ్చి ఆగిపోయాను. ఆ సైనికుడి పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకోని పండగ లేదు మా ఇంట్లో.

ఇప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో నర్సును. వార్డు బయట తల్లులు నా చెయ్యి పట్టుకుని, బిడ్డ ఎలా ఉన్నాడని అడుగుతుంటారు. బాగున్నాడనేస్తే వాళ్ళూ ఊరుకుంటారు, నేనూ తప్పించుకుంటాను. కానీ తెలియనప్పుడు తెలియదమ్మా అనే చెప్తాను. లోపలికి వెళ్ళి, కనుక్కుని, బయటికొచ్చి ఆ తల్లికి చెప్పేదాకా డ్యూటీ దిగను.