పూజనాడు తిరిగిన టేపు

గొల్లపల్లిలో కుట్టుమిషన్ ముందు కూర్చునే నాగేశ్వరమ్మను చూస్తే, ఒకప్పుడు ఆమె ఇనుప గనిలో కంప్యూటర్ నడిపిందని ఎవరూ అనుకోరు. ఆమెకు మిషన్లంటే భయం లేదు, మనుషులంటే అనుమానం లేదు. భయం లేకపోవడం ఉద్యోగం తెచ్చిపెట్టింది. అనుమానం లేకపోవడం ఏం చేసిందో చెబుతాను.

తండ్రి రామనర్సయ్య కూలికి కొండెక్కి, గనివాళ్లు బోర్లు వేస్తుంటే లోపల్నుంచి వచ్చిన రాతిముక్కలను పెట్టెల్లో మోసేవాడు. మోసి మోసి నడుం పోగొట్టుకున్నాడు. కూతురు టైపు నేర్చుకుని అదే గని సర్వే ఆఫీసులో టెంపరరీగా చేరింది. ఏ బోరులో ఎంత లోతున ఎంత ఇనుముందో కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. తండ్రి నెత్తిన మోసిన రాళ్లను కూతురు వేళ్లతో మోస్తోందని ఆఫీసులో నవ్వేవారు. ఆమెకూ ఆ మాట ఇష్టమే.

ఒక ఎండాకాలం కంప్యూటర్ డిస్కు పాడై నెలల పని బూడిదైంది. నాగేశ్వరమ్మ అన్నం మానేసి ఏడ్చింది. ఆ తర్వాతే పైవాళ్లు టేపు డ్రైవు పంపారు. ఇటుకంత పెట్టె, ముందు చిన్న తలుపు. అందులో క్యాసెట్ లాంటి టేపు పెడితే కంప్యూటర్‌లో ఉన్నదంతా దాని మీదికి కాపీ అవుతుంది. అవ్వాలి మరి! ఈ డ్రైవు మహాతల్లి ససేమిరా అంది. కేబులు ఎంత బిగించినా కంప్యూటర్‌కి అది కనబడదే!

సర్వే అధికారి కామేశం ఆమెకు తోడు కూర్చున్నాడు. కోస్తా మనిషి. "సార్ ఏవిటమ్మా, అన్నా అను. నాకు చెల్లెళ్లు లేరు," అన్నాడు వచ్చిన కొత్తలోనే. అతను డ్రైవుతో వచ్చిన పుస్తకం చదివి చెబుతుంటే ఆమె స్క్రూలు విప్పేది. డిస్కుకీ డ్రైవుకీ ఒకే నంబరు పడిందని, ఒకే నంబరున్న రెండిళ్లు చూసిన పోస్ట్‌మన్‌లా కంప్యూటర్ తికమకపడుతోందని అతను కనిపెట్టాడు. నంబరు మార్చాక డ్రైవు కనిపించింది గాని, టేపు సగం తిరిగి ఆగిపోయేది. లోపల ఎర్రధూళి పేరుకుందని ఆమె కనిపెట్టింది. ఆ టౌన్‌షిప్‌లో మంచినీళ్ల కుండమీదా ఎర్రధూళే. గది ఊడ్చే పొజ్జే దూది తెచ్చిస్తే, స్పిరిట్‌లో ముంచి తుడిచింది. టేపు చివరిదాకా తిరిగింది.

ఇద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. ఆమె తెచ్చిన ఎండుచేపల కూర అతను వేళ్లు నాక్కుంటూ తిన్నాడు.

"ఇహ ఈ గది ఎక్కడికీ పోదు చెల్లెమ్మా. కంప్యూటర్ సెక్షన్ అవుతుంది, నువ్వు పర్మినెంట్ అవుతావు. పూచీ నాది," అన్నాడు.

ఆ సాయంత్రమే తండ్రికి కబురు పంపింది. అప్పట్నుంచి ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు గనిలో ఏ చక్రమూ తిరగదు. డంపర్ల నుంచి టైపు మిషన్ల దాకా అన్నీ తుడిచి బొట్టుపెట్టి, మళ్లీ తెల్లారేదాకా ఎవరూ ముట్టరు. నాగేశ్వరమ్మ టేపు డ్రైవులోనే ఉంచి, తలుపూ పెట్టే కలిసేచోట తడి కుంకుమతో పెద్ద బొట్టు పెట్టింది. "మస్తు పనిచేసినవ్ తల్లీ, ఇయ్యాల పండుకో," అంది. పక్కనే కామేశం కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

మర్నాడు వచ్చి చూస్తే బొట్టు అడ్డంగా రెండు ముక్కలై ఉంది. లోపల టేపు లేదు.

బల్ల కిందా, డ్రైవు వెనకా వెతికింది. ఆ పిచ్చిదానికి ముందు గుర్తొచ్చింది తన సంగతి కాదు. గది కామేశం బాధ్యత కదా, మాట అతనికొస్తుందని కంగారు.

"అన్న నౌకరి పోతది పొజ్జే! నిన్న ఎవరొచ్చిన్రు?"

పొజ్జే చీపురు ఆపింది. "బయటోళ్లు ఎవరు రాలే అక్కా. అందరు బూందీ తినేటప్పుడు కామేశం సాబే వచ్చిండు. లోపట గడియ పెట్టుకుండు. మిషన్ చప్పుడు శానాసేపు ఇనబడ్డది."

నమ్మడానికి ఆమెకు మనసొప్పలేదు. అంతలో కామేశమే వచ్చాడు, చేతిలో టేపుతో. గోటి చుట్టూ కుంకుమ ఇంకా పోలేదు.

"నీకు చెబుదామనే అనుకున్నా చెల్లెమ్మా," అన్నాడు గోడవైపు చూస్తూ. సముద్రం ఒడ్డున గనివాళ్ల పెద్దాఫీసులో కొత్త కంప్యూటర్లు పెట్టారట. లెక్కలన్నీ టేపు మీద అక్కడికి చేరితే ఇక్కడి గది మూసేస్తారట. టేపు తెచ్చినవాడికి అక్కడే పోస్టింగట. డ్రైవు వచ్చిన రోజునుంచీ అతనికి ఈ సంగతి తెలుసట.

అంటే ఇన్నాళ్లూ ఆమె చేతనే ఆమె గొయ్యి తవ్వించాడు. కూర తింటూ, చెల్లెమ్మా అంటూ తడిగుడ్డతో గొంతు కోశాడు. ఆమెకు కోపం కంటే ముందు అవమానం వచ్చింది.

"నిన్న నా పక్కనే దండం పెట్టినవ్ గదన్నా!"

"నువ్వెదురుగా ఉంటే నా చెయ్యాడదమ్మా. అందుకే..." ఆగి, టేపు ముందుకు చాపాడు. "నిన్నటిదాకా నువ్వెక్కించిన లెక్కలన్నీ ఉండాలని పాత కాపీ చెరిపి మళ్లీ తిప్పాను, గాభరాలో చేశాను. సరిగా ఎక్కిందో లేదో ఒక్కసారి చూసిపెట్టవూ? మధ్యాహ్నం రైలుంది."

సిగ్గుండాలి మనిషికి! ఆమె టేపు డ్రైవులో పెట్టింది. బోర్ల పేర్లు తెర మీద వరసగా వచ్చి, సగంలో ఆగిపోయాయి. ధూళి తుడవకుండానే తిప్పాడు మహానుభావుడు. కామేశం చేతి గడియారం చూసుకున్నాడు.

అలాగే పొమ్మందామనుకుంది. సగం టేపుతో పోయి పెద్దాఫీసులో తిట్లు తినమందామనుకుంది. కానీ గది ఎలాగూ మూతపడుతుంది. డిస్కు మళ్లీ పాడైతే చూసే దిక్కుండదు. తెర మీద ఆగిన ఆ బోరు దగ్గరే తండ్రి నడుం పట్టేసి కూలబడింది. ఆ రాళ్లు మళ్లీ బూడిదవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

పొజ్జేను దూది అడిగింది. లోపల తుడిచి, టేపును మొదట్నుంచి తిప్పి, చివరి పేరుదాకా చదివించి చూసి, అతని చేతిలో పెట్టింది.

"అన్నీ వచ్చినయి సార్."

కామేశం కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు నా తోడబుట్టినదానికంటే ఎక్కువ చెల్లెమ్మా."

"మీకు చెల్లెళ్లు లేరు సార్," అంది నాగేశ్వరమ్మ.