ఏసహెల్ పట్నీకి రాసిచ్చిన నేల

ఇంగ్లీషు సైన్యంతో అమెరికాకి జరిగిన యుద్ధంలో ఏసహెల్ పట్నీ ఎడమకాలి వేళ్ళు మూడు పోగొట్టుకున్నాడు. తూటాకి కాదు, మంచుకి. యుద్ధం ముగిశాక ప్రభుత్వం అతనికి ఎక్కడో దూరాన, ఇల్లినాయ్‌లో నూట అరవై ఎకరాలు రాసిచ్చింది. అక్కడికి వెళ్ళడానికి మాత్రం పద్దెనిమిదేళ్ళు పట్టింది. భార్య థర్జా ఛాతీ జబ్బు మనిషి, కదిలించే వీల్లేదు. అన్నాళ్ళూ వెర్మాంట్ కొండల్లో ఎవరిదో పొలం కౌలుకి చేస్తూ, నాగలికి తగిలే రాళ్ళు ఏరుతూ గడిపాడు.

"జమీందారుగారు రాళ్ళేరుతున్నారు, తప్పుకోండి" అని తమ్ముడు జాబెజ్ వేళాకోళమాడేవాడు.

థర్జాను మట్టిచేసిన వసంతంలో పట్టాని చొక్కా లోపల కుట్టుకుని బయలుదేరాడు. కొంత పడవల మీద, కొంత కుంటుకుంటూ, నలభై రోజులు. సర్వే గుర్తులు వెతుక్కుంటూ చేరేసరికి తన నేలలో మోకాలెత్తు మొక్కజొన్న ఊగుతోంది. వంగి గుప్పెడు మట్టి తీశాడు. నల్లటి మట్టి. ఒక్క రాయి లేదు.

"ఎవరు కావాలి పెద్దాయనా?" అంటూ వచ్చాడు ఆ పొలం దున్నుకుంటున్న లెమ్యుయెల్ హాచ్.

"ఈ భూమి నాది."

హాచ్ పట్టా పూర్తిగా చదివాడు. "నీదే, కాదన్ను. శిస్తు కట్టలేదని పదేళ్ళ కిందటే వేలం వేసేశారు. నేను పాడుకున్నాను."

"కట్టమని నాకెవరూ చెప్పలేదే."

"పేపర్లో వేశారుగా."

"ఏ పేపర్లో?"

"ఇక్కడి పేపర్లోనే."

కచేరీ గుమస్తాదీ అదే మాట. పట్టా చిరగకుండా, మడతలు సరిచేసి మరీ తిరిగిచ్చాడు. ఆ మర్యాదకే ఏసహెల్‌కి ఒళ్ళు మండింది.

"కోతలకి మనిషి కావాలి. ఉంటావా?" అనడిగాడు హాచ్.

వెనక్కి వెళ్ళినా ఉన్నదేముంది? ఒప్పుకున్నాడు. తన నేలలోనే కూలికి కుదిరాడు.

తమ్ముడికి ఉత్తరం రాశాడు: "చేరాను. మట్టి నల్లగా ఉంది. రాయన్నది లేదు. పంట నా తల దాటింది." అందులో ఒక్క అబద్ధం లేదు.

చలికాలం రాకముందే జవాబొచ్చింది. "అన్నయ్యా, ఇక్కడ మాకు జరగడంలేదు. పిల్లల్ని తీసుకుని నీ దగ్గరికే వచ్చేస్తాం. ఓ మూల గుడిసె వేసుకోనివ్వు, చాలు."

ఏసహెల్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నిజం రాయడానికి కూచున్నాడు గానీ చెయ్యి సాగలేదు. చివరికి, "రావద్దు. ఇక్కడ జ్వరాలు. ఉన్నది నా ఒక్కడికే చాలదు" అని రాసి పంపాడు.

ఆ తర్వాత జాబెజ్ నుంచి ఉత్తరం లేదు. భూమి చేతికొచ్చేసరికి అన్న మారిపోయాడనుకుని ఉంటాడు. ఏసహెల్ అలాగే అనుకోనిచ్చాడు.