నేను ఎంచుకున్న పక్క నక్షత్రం

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రాద్దామని కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను, షాహీనా ఒకే సారు దగ్గర పరిశోధన చేశాం. ఇద్దరిదీ ఒకే గెలాక్సీ. దాని నడిమధ్య వెలుగు నిలకడగా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది, దాంతోపాటు రంగూ మారుతుంది. ఆ మార్పును కొలవాలంటే అదే ఫొటోలో పక్కనున్న, వెలుగు మారని నక్షత్రంతో పోల్చాలి. నేనొకదాన్ని ఎంచుకున్నాను. వెలుగు పెరిగినప్పుడల్లా గెలాక్సీ నీలంగా మారుతోందని తేల్చాను. సారు మురిసిపోయారు. షాహీనా వేరే నక్షత్రంతో పోల్చి, కాదు, ఎర్రబడుతోందంది.

ఆమెదే తప్పని చూపిద్దామని నా లెక్క మళ్లీ తీశాను. నా నక్షత్రమే నిలకడగా లేదు. అది మసకబారి ఎర్రబడినప్పుడల్లా, దాంతో పోలిస్తే గెలాక్సీ వెలిగి నీలంగా మారినట్టు కనిపించింది, అంతే. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? పేపరు ఆగేది, కాస్త పరువు పోయేది. ఆ కాస్త కోసమేనా ఇదంతా?

మర్నాడు ఇద్దరి ఫలితాలూ ఎందుకు కలవలేదని సారు అడిగితే, నీలం ఫిల్టరుతో తీసిన ఫొటోలనూ ఎరుపు ఫిల్టరువాటినీ షాహీనా తారుమారు చేసినట్టుందన్నాను. అలా జరిగితే ఫలితం సరిగ్గా తలకిందులవుతుంది. అందుకే ఆయన నమ్మారు.

ఆ సాయంత్రం సికింద్రాబాద్‌లో, ఇంటికెళ్లే మౌలాలి బస్సు కోసం నిలబడి ఆమె అడిగింది.

"అన్నా, నేను ఫిల్టర్లు మార్చలే. నువ్వు సుత నా పక్కనే కూసోని చూసినవ్ కదా. జెర సారుకు చెప్పు."

"పరేషాన్ కాకు షాహీనా. గిట్ల అందరికీ అయితది."

"అయితే నేనే యాడ్నో మార్చినట్టున్న," అంది.

తిట్టినా బాగుండేది. నా మాట మీద నమ్మకంతో తన కళ్లనే అనుమానించుకుంది. కొన్నాళ్లకు పరిశోధన మానేసింది. పేపరు నా పేరుతో అచ్చయింది. దాంతోనే ఉద్యోగం, అల్వాల్‌లో ఇల్లు. పక్క నక్షత్రాన్ని ఒకటికి పదిసార్లు సరిచూసుకోమని ఇప్పుడు నా విద్యార్థుల వెంటపడతాను. చాదస్తమనుకుంటారు. చాదస్తమా, భయమా? నాకే తెలియదు.

క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు. షాహీనా ఫిల్టర్లు మార్చలేదు. ఆమె చూసిన ఎరుపు నిజం. అది నాకు ఆరోజే తెలుసు. ఈ మాట రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. కానీ తప్పు తనదేననుకుంటూ ఆమె ఇంకా మౌలాలిలోనే ఉంది.